గేరు మార్చే క్షణం: మాన్యువల్ కారు నుంచి పూర్తి పికప్ రాబట్టడం ఎలా

భాకరాపేట ఘాట్ దాటి పీలేరు వైపు సాగే రోడ్డు మీద, ముందు పోతున్న లోడు లారీని దాటబోయి సగంలో ఇరుక్కుపోయిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, నాలుగో గేరులో లారీ వెనుక నుంచి పక్కకు వచ్చి, యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కాను. ఇంజన్ మూలిగిందే తప్ప కారు కదిలినట్టు అనిపించలేదు. ఎదురుగా బస్సు హెడ్‌లైట్లు కనిపించాక హడావుడిగా మూడో గేరు వేశాను గాని, గేరు మార్చిన ఆ కాస్త వ్యవధిలోనే ఉన్న ఊపు కూడా పోయింది. ఆ లారీ డ్రైవరు బ్రేకు వేసి దారి ఇవ్వబట్టి బయటపడ్డాను. తరువాత ఈ సంగతి మా మెకానిక్‌కు చెప్పినప్పుడు ఆయన ఒకే మాట అన్నాడు: "నా, గేరు ముందే ఎయ్యాల. ఎదురుగా బండొచ్చినాక ఎతుక్కుంటే యాడ దొరకతాది?"

నాకు డ్రైవింగ్ నేర్పిన మా మామ పెట్రోలు విలువ తెలిసిన మనిషి. "ఇంజను అరవనీగాకురా, గేరు మార్చు" అనేవాడు. మైలేజీకి ఆ మాట అక్షరాలా సరైనది, రోజువారీ ప్రయాణానికి నేటికీ దానినే పాటిస్తాను. అయితే హైవే ఎక్కేటప్పుడు, నిదానంగా పోయే వాహనాన్ని దాటేటప్పుడు, ఏటవాలు మీద వేగం పుంజుకోవలసినప్పుడు కారులో ఉన్న బలమంతా కొద్ది సెకన్లపాటు కావాలి. ఆ కొద్ది సెకన్లకు లెక్క వేరు. ఆ లెక్కను మీ సొంత కారుకు మీరే కట్టుకునే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. కాగితం, కలం, ఒక అరగంట ఖాళీ రోడ్డు ఉంటే చాలు.

ముందుగా: కారును లాగేది ఏది?

టార్క్ అంటే ఇంజన్ తన ఇరుసును మెలితిప్పే బలం. కారును ముందుకు నెట్టేది మాత్రం ఆ బలం నేరుగా కాదు, గేర్ల గుండా పెరిగి చక్రం దగ్గరకు చేరిన బలం. మన చిత్తూరు వైపు చెరకు గానుగ చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. గానుగకు కట్టిన దూలం ఎంత పొడవుంటే ఎద్దులకు తిప్పడం అంత తేలిక, కాని ఒక్కొక్క చుట్టుకు అవి నడవవలసిన దూరం కూడా అంతగా పెరుగుతుంది. మొదటి గేరు పొడవైన దూలం వంటిది: ఇంజన్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది, చక్రానికి చాలా బలం అందుతుంది. అయిదో గేరు పొట్టి దూలం: ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, చక్రానికి అందే బలం తక్కువ.

అందువల్ల పై గేరుకు మార్చిన ప్రతిసారీ, ఇంజన్ టార్క్‌కు ఏమైనా సరే, దూలం మాత్రం పొట్టిదవుతుంది. ఈ ఒక్క విషయం మనసులో నిలిస్తే, చాలామంది నమ్మే ఒక పొరపాటు దానంతటదే తొలగిపోతుంది. టార్క్ గరిష్ఠంగా ఉండే ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య) దగ్గరే గేరు మార్చాలన్నదే ఆ పొరపాటు. టార్క్ తగ్గడం మొదలైనా, పొడవైన దూలం వల్ల ఇప్పటి గేరే ఇంకా ఎక్కువ బలాన్ని అందిస్తూ ఉండవచ్చు. పై గేరులో చక్రానికి అందబోయే బలం, ఇప్పటి గేరులో అందుతున్న బలానికి సమానమయ్యేదాకా ఆగి, అప్పుడు మార్చాలి. అంతకుముందు మార్చితే బలం పోగొట్టుకున్నట్టు, ఆ తరువాత మార్చితే సమయం పోగొట్టుకున్నట్టు. ఆ సమానమయ్యే చోటు ఎర్రగీతకు (ఇంజన్ మించకూడని ఆర్పీఎం హద్దును మీటరు మీద చూపే గీత) అవతల ఉంటే, ఎర్రగీతే మన హద్దు.

మొదటి మెట్టు: బ్రోచర్‌లోని రెండు అంకెలను విప్పడం

ప్రతి కారు మాన్యువల్‌లోనో, బ్రోచర్‌లోనో రెండు అంకెలు ఉంటాయి: గరిష్ఠ పవర్, అది ఏ ఆర్పీఎం దగ్గర వస్తుంది, గరిష్ఠ టార్క్, అది ఏ ఆర్పీఎం దగ్గర వస్తుంది. ఉదాహరణకు మన వీధుల్లో అడుగడుగునా కనిపించిన మారుతీ స్విఫ్ట్‌లో 1,197 సీసీ పెట్రోలు ఇంజన్ 6,000 ఆర్పీఎం దగ్గర 83 పీఎస్ పవర్‌ను, 4,200 ఆర్పీఎం దగ్గర 113 ఎన్ఎం టార్క్‌ను ఇచ్చేది. చాలామంది ఈ రెండింటినీ రెండు వేరువేరు సంగతులుగా చదివి వదిలేస్తారు. నిజానికి పవర్ అంకెలో కూడా ఒక టార్క్ అంకె దాగి ఉంది.

పీఎస్‌ను 7,024తో గుణించి ఆర్పీఎంతో భాగిస్తే, ఆ ఆర్పీఎం దగ్గరి టార్క్ ఎన్ఎంలో వస్తుంది. మీ బ్రోచర్‌లో బీహెచ్‌పీ అని ఉంటే 7,121తోను, కిలోవాట్లు అని ఉంటే 9,549తోను గుణించాలి. పై ఇంజన్‌కు 83 × 7,024 ÷ 6,000 = 97. అంటే 4,200 దగ్గర 113గా ఉన్న టార్క్, 6,000 చేరేసరికి 97కు తగ్గింది. తగ్గుదల సుమారు 14 శాతం మాత్రమే. "అయిదు వేలు దాటితే ఇంజన్‌లో ఏమీ ఉండదు" అని తరచుగా వినిపించే మాటను ఈ ఒక్క భాగహారం పక్కన పెట్టి చూడండి.

ఈ రెండు బిందువులను గళ్ళ కాగితం మీద పెట్టి, మధ్యలో మెల్లగా వంగే గీత గీయాలి. 2,000 దగ్గర టార్క్ గరిష్ఠానికి కొంత తక్కువగా, 3,500 నుంచి 4,500 వరకు దాదాపు సమంగా, ఆ తరువాత వాలుతూ ఉంటుంది. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని పెట్రోలు ఇంజన్లకు ఈ అంచనా మన పనికి సరిపోతుంది.

రెండవ మెట్టు: గేర్ల మధ్య తేడాను రోడ్డు మీద కొలవడం

గేరు నిష్పత్తులు (గేరు పెట్టె నుంచి బయటికి వచ్చే ఒక్కో చుట్టుకు ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకెలు) కొన్ని మాన్యువళ్లలో ఉంటాయి, చాలావాటిలో ఉండవు. లేకపోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే స్పీడోమీటరు, ఆర్పీఎంను చూపే టాకోమీటరు చూసి వాటిని మనమే తెలుసుకోవచ్చు. తెల్లవారుజామున, రద్దీ లేని నాలుగు వరుసల రోడ్డు మీద, అంకెలు రాసుకోవడానికి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాలి. ప్రతి గేరులోనూ ఆర్పీఎం ముల్లును సరిగ్గా 2,000 దగ్గర నిలకడగా ఉంచి, ఆ సమయంలో వేగం ఎంత ఉందో పక్కవారితో రాయించుకోవాలి. నడిపేవారు రోడ్డు మీద నుంచి చూపు తిప్పి అంకెలు రాయకూడదు. ఈ పనిని ఒంటరిగా చేయవద్దు.

లెక్క కోసం గుండ్రటి నిష్పత్తులు గల ఒక కారును ఊహించుకుందాం: మొదటి గేరు 3.5, రెండవది 1.9, మూడవది 1.3, నాలుగవది 0.95, అయిదవది 0.75. చక్రాల దగ్గరి తుది నిష్పత్తి 4.4 అనీ, టైరు ఒక్క చుట్టుకు 1.9 మీటర్లు కదులుతుందనీ అనుకుందాం. ఇటువంటి కారులో 2,000 ఆర్పీఎం దగ్గర వేగాలు వరుసగా 15, 27, 40, 55, 69 కిలోమీటర్లుగా కనిపిస్తాయి. ఇప్పుడు పక్కపక్క అంకెలను భాగించండి. 27ను 40తో భాగిస్తే 0.68 వస్తుంది. అంటే రెండో గేరు నుంచి మూడో గేరుకు మారినప్పుడు ప్రతి 100 ఆర్పీఎం 68కి తగ్గుతుంది: 6,000 దగ్గర మార్చితే సుమారు 4,100కు దిగుతుంది. మొదటి నుంచి రెండవ గేరుకు ఇది సుమారు 0.55, మూడు నుంచి నాలుగుకు 0.73, నాలుగు నుంచి అయిదుకు 0.8. స్పీడోమీటర్లు సాధారణంగా అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తాయి, కాని మనం నిష్పత్తినే తీసుకుంటున్నాం కనుక ఆ తేడా వల్ల లెక్క పెద్దగా చెడదు.

కింది గేర్ల మధ్య ఎడం ఎక్కువగానూ, పై గేర్ల మధ్య ఎడం తక్కువగానూ ఉందని గమనించారా? మొదటి గేరును చివరిదాకా పట్టి ఉంచవలసిన అవసరం, నాలుగో గేరును అంతగా పట్టి ఉంచవలసిన అవసరం లేకపోవడం, రెండూ ఇందులో నుంచే వస్తాయి.

మూడవ మెట్టు: రెండు గేర్లను పక్కపక్కన పెట్టి పోల్చడం

ఇప్పుడు చేయవలసింది గుణకారం మాత్రమే. ఏ ఆర్పీఎం దగ్గరైనా టార్క్‌ను గేరు నిష్పత్తితో గుణిస్తే లాగే బలానికి ఒక కొలత వస్తుంది. తుది నిష్పత్తి అన్ని గేర్లకూ ఒకటే కనుక దానిని పోలికలో వదిలేయవచ్చు.

మన ఊహా కారులో పై స్విఫ్ట్ పెట్రోలు ఇంజనే ఉందనుకుంటే, మొదటి గేరులో 6,000 దగ్గర 97 × 3.5 అంటే దాదాపు 340. అక్కడ రెండో గేరు వేస్తే ఆర్పీఎం సుమారు 3,260కి దిగుతుంది; ఆ చోట టార్క్ 108 అనుకుంటే 108 × 1.9 అంటే 205. మొదటి గేరు ఇంకా ఎంతో ముందుంది. ఎర్రగీత దాకా పోయినా ఈ రెండూ సమానం కావు. కాబట్టి నిజంగా పూర్తి బలం కావలసివస్తే, మొదటి గేరును ఎర్రగీత అంచు దాకా పట్టి ఉంచడమే సరైనది.

రెండు నుంచి మూడుకు: రెండో గేరులో 6,000 దగ్గర 97 × 1.9 = 184. మూడో గేరులో 4,100 దగ్గర 113 × 1.3 = 147. మూడో గేరులో ఇంజన్ తన గరిష్ఠ టార్క్ దగ్గరే తిరుగుతున్నా, రెండో గేరుదే పైచేయి. ఇదే మార్పును టార్క్ గరిష్ఠమైన 4,200 దగ్గరే చేశారనుకోండి. అప్పుడు రెండో గేరులో 113 × 1.9 = 215 అందుతుండగా, మూడో గేరులో 2,870 దగ్గర టార్క్ 105 చొప్పున 137 మాత్రమే అందుతుంది. మూడింట ఒక వంతు కంటే ఎక్కువ బలాన్ని చేజేతులా వదులుకున్నట్టు. "టార్క్ ఉన్నచోట గేరు మార్చు" అనే సలహాకు మనం చెల్లించే వెల ఇది.

మూడు నుంచి నాలుగుకు 6,000 దగ్గర 126కు 107. నాలుగు నుంచి అయిదుకు 92కు 82. ఇక్కడ తేడా బాగా తగ్గిపోయింది, ఇంకొంచెం ముందుకు పోతే రెండూ సమానమవుతాయి.

అయితే ఈ చివరి రెండు అంకెలు మనకు కాగితం మీదనే పనికివస్తాయి. ఈ కారులో 6,000 ఆర్పీఎం దగ్గర మొదటి గేరు 44, రెండో గేరు 82, మూడో గేరు 120 కిలోమీటర్ల వేగానికి చేరుతుంది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాల ప్రకారం, డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు పరిమితి 100 కిలోమీటర్లు, మునిసిపల్ పరిధిలో 70. స్థానికంగా ఇంకా తగ్గించి బోర్డు పెట్టిన చోట ఆ బోర్డే లెక్క. అంటే చట్టం అనుమతించే వేగమంతా మూడు గేర్లలోనే అయిపోతుంది. రేణిగుంట వైపు నుంచి హైవే మీదికి ఎక్కి, పూతలపట్టు వైపు సాగే వాహనాల వేగాన్ని అందుకోవడానికి మనకు కావలసినవి రెండే రెండు మార్పులు: ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు. 90 దగ్గరికి చేరాక నేరుగా అయిదో గేరు వేసుకుని స్థిమితంగా పోవచ్చు. మధ్యలో నాలుగును తాకవలసిన పని కూడా లేదు. పై గేర్లలో ఎర్రగీత దాకా పోవాలనే కోరిక ఉన్నవారికి మనకు అందుబాటు దూరంలోనే, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందెపు ట్రాక్ ఉంది. ఆ ముచ్చట తీర్చుకోవలసింది అక్కడే.

డీజిల్, టర్బో కార్లవారికి

డీజిల్ లెక్క వేరుగా వస్తుంది. 2020లో నిలిచిపోయేదాకా ఎన్నో కార్లలో వాడిన 1,248 సీసీ డీజిల్ ఇంజన్‌నే తీసుకుందాం. స్విఫ్ట్‌లో అది 4,000 దగ్గర 75 పీఎస్, 2,000 దగ్గర 190 ఎన్ఎం ఇచ్చేది. 75 × 7,024 ÷ 4,000 = 132. గరిష్ఠ టార్క్ 190 నుంచి 132కు, అంటే 30 శాతం పడిపోయింది. పోలిక కోసం అవే నిష్పత్తులు తీసుకుంటే, రెండో గేరులో 4,000 దగ్గర 132 × 1.9 = 251; మూడో గేరులో 2,740 దగ్గర టార్క్ 175 అనుకుంటే 228. రెండూ దగ్గరికి వచ్చేశాయి. 4,000 దాటాక డీజిల్ టార్క్ నిటారుగా కూలిపోతుంది కనుక, ఆ అంకె చుట్టుపక్కలే మార్చడం ఉత్తమం. గేర్ల మధ్య ఎడం ఎక్కువ ఉన్న మొదటి గేరును మాత్రం ఇంకొన్ని వందల ఆర్పీఎం పట్టి ఉంచవచ్చు. డీజిల్‌లో రెండవ జాగ్రత్త కూడా ఉంది: పై గేరు వేశాక ఆర్పీఎం టర్బో పనిచేసే పరిధికి, అంటే చాలా కార్లలో సుమారు 1,800కు, దిగువకు పడిపోకూడదు. పడిపోయిందంటే కారు రెండు మూడు సెకన్లు ఊపిరి బిగబట్టినట్టు నిలిచిపోతుంది.

టర్బో పెట్రోలు కార్లలో మోసపోయేది మన ఒళ్ళే. హ్యుందాయ్ వెన్యూలోని ఒక లీటరు టర్బో ఇంజన్ 1,500 నుంచి 4,000 వరకు 172 ఎన్ఎం సమంగా ఇచ్చి, 6,000 దగ్గర 120 పీఎస్ ఇస్తుంది. ఆ 6,000 దగ్గరి టార్క్ 140. నాలుగు వేలు దాటాక సీటులో వీపు మీద తగిలే నెట్టుడు తగ్గుతుంది కనుక "ఇక అయిపోయింది" అనిపించి గేరు మార్చేస్తాము. మా ఉదాహరణ నిష్పత్తులతోనే గుణించి చూడండి: 140 × 1.9 = 266, 172 × 1.3 = 224. తగ్గినట్టు అనిపించిన గేరే ఇంకా ముందుంది.

సీఎన్‌జీ కార్లలో టార్క్, పవర్ రెండూ పెట్రోలు కంటే కొంత తక్కువ. గేరు మార్చే చోటు పెద్దగా మారదు. దాటవలసివచ్చినప్పుడు, ఘాట్ ఎక్కేటప్పుడు ముందుగానే పెట్రోలుకు మార్చుకోవడం మంచిది.

డ్యాష్‌బోర్డు మీద గేరు మార్చమని వెలిగే బాణం గుర్తును ఈ పనికి నమ్మకండి. అది పెట్రోలు ఆదా కోసం పెట్టినది.

నాలుగవ మెట్టు: చేయి, కాలు

ఇంజన్ వేడెక్కకముందు ఇవేవీ చేయకూడదు. ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన సరిపోదు, అది చూపించేది నీటి వేడిని. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా సమయం పడుతుంది. పదిహేను నిమిషాలు మామూలుగా నడిపాకనే పూర్తి బలం అడగాలి. ఆయిల్ మట్టం ముందురోజే చూసుకోవాలి. వేడెక్కిన, ఆయిల్ సరిగా ఉన్న ఇంజన్‌ను అప్పుడప్పుడు ఎర్రగీత దగ్గరకు తీసుకుపోవడం వల్ల నష్టం లేదు, ఆ గీతను తయారీదారు కొంత వెసులుబాటు ఉంచే పెడతాడు. అసలు నష్టం కలిగించేది దానికి వ్యతిరేకమైన అలవాటు: పై గేరులో 1,200 ఆర్పీఎం దగ్గర యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కి ఇంజన్‌ను కొట్టుకునేలా చేయడం.

నిలిచిన చోట నుంచి బయలుదేరేటప్పుడు 2,000 చుట్టూ ఆర్పీఎం ఉంచి, క్లచ్‌ను పట్టు అందేదాకా మెల్లగా, ఆ తరువాత పూర్తిగా వదిలేయాలి. వదిలాకనే యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కాలి. ముందు చక్రాలు జారి కీచుమన్నాయంటే బలమంతా రబ్బరు మీద వృథా అవుతున్నదని అర్థం. పాదాన్ని కొద్దిగా తీయాలి. మన ఊళ్ళలో రోడ్డు అంచున ఇసుక పేరుకున్న చోట, వానకు తడిసిన సిమెంటు రోడ్ల మీద ఇది ఇట్టే జరుగుతుంది.

టాకోమీటరు ముల్లు అసలు ఆర్పీఎం కంటే కాస్త వెనుకబడి కదులుతుంది. మొదటి గేరులో ఈ తేడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఇంజన్ అక్కడ కన్ను మూసి తెరిచేలోగా వెయ్యి ఆర్పీఎం ఎక్కేస్తుంది. కాబట్టి 6,000 దగ్గర మార్చదలచినవారు మొదటి గేరులో 5,600 దగ్గరే చేయి కదిలించడం మొదలుపెట్టాలి. ఇంజన్ ఎర్రగీతను తాకి, ఇంధనం తెగి, కారు తటపటాయించిందంటే ఆలస్యమైందని అర్థం. అది వృథా అయిన సమయం.

మార్చే పని మూడు కదలికలలో, ఒకే ఊపిరిలో జరగాలి: యాక్సిలరేటర్ నుంచి పాదం లేవడం, క్లచ్ పూర్తిగా అడుగుకు పోవడం, చేయి గేరును నెట్టడం. యాక్సిలరేటర్ తీయకుండా క్లచ్ తొక్కితే ఇంజన్ ఒంటరిగా అరుస్తుంది, క్లచ్ ప్లేటు కాలుతుంది. గేరు రాడ్డును పిడికిలితో బిగించి పట్టుకోకూడదు. రెండు నుంచి మూడుకు మార్చేటప్పుడు అరచేతిని తెరిచి, ముందుకు నెట్టి వదిలితే, రాడ్డు తనంతట తానే మధ్య వరుసకు వచ్చి మూడో గేరులో పడుతుంది. బిగించి పట్టినవారి చేయి తమ వైపు లాగుతుంది కనుక మూడుకు బదులు అయిదో గేరు వైపు పోయే ప్రమాదం ఉంది. ఈ ఒక్క కదలికను ఇంజన్ ఆపి, నిలిపి ఉంచిన కారులో క్లచ్ తొక్కి వంద సార్లు సాధన చేశాను. నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపకరించిన సాధన అదే.

అయిదవ మెట్టు: దాటేటప్పుడు

ఈ లెక్కలన్నిటికీ అసలైన ప్రయోజనం ఇక్కడే. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయల లోడుతో గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే ట్రాక్టర్లు, లారీలు చిత్తూరు చుట్టుపక్కల రోడ్లన్నిటి మీదా బారులు తీరుతాయి. రెండు వరుసల రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న లారీని దాటాలని అనుకుందాం. మన ఉదాహరణ కారు ఆ వేగం దగ్గర నాలుగో గేరులో 1,830 ఆర్పీఎం, మూడో గేరులో 2,510, రెండో గేరులో 3,670 దగ్గర తిరుగుతుంది. నాలుగో గేరులో లాగే బలం సుమారు 87 అయితే, రెండో గేరులో 211. రెండు రెట్లకు పైగా తేడా. పీలేరు రోడ్డు మీద నేను పోగొట్టుకున్నది సరిగ్గా ఈ తేడానే.

కనుక లారీ వెనుకే, తగినంత దూరంలో ఉండగానే రెండో గేరు వేసుకోవాలి. దారి పూర్తిగా ఖాళీగా కనిపించిన తరువాతనే పక్కకు రావాలి. రెండో గేరు 82 దాకా పోతుంది కాబట్టి, 50 నుంచి 80 వరకు మధ్యలో గేరు మార్చే పనే ఉండదు. లారీని దాటి, మన వరుసలోకి వచ్చాక తీరికగా పై గేరు వేసుకోవచ్చు. దాటడం మొదలుపెట్టే వేగం 65 అయితే రెండో గేరులో మిగిలిన పరిధి తక్కువ. అప్పుడు మూడో గేరే సరైనది, అది 100 దాకా ఆగకుండా తీసుకుపోతుంది. దాటే మధ్యలో గేరు మార్చవలసివస్తుందా అన్నదే ఇక్కడ గేరును ఎంచుకునే ప్రశ్న.

ఘాట్ రోడ్ల మీద

ఏటవాలు ఎక్కేటప్పుడు గేరు మార్చే ఆ అర సెకను కూడా ఖరీదైనదే. 8 శాతం ఎత్తు ఉన్న చోట క్లచ్ తొక్కి ఉన్న ప్రతి అర సెకనుకు కారు గంటకు సుమారు 1.4 కిలోమీటర్ల వేగాన్ని వాలుకే పోగొట్టుకుంటుంది. తడబడి సెకను పాటు మార్చితే దాదాపు 3 కిలోమీటర్లు పోతాయి. పై గేరులో ఆ వేగాన్ని తిరిగి పుంజుకునే బలం లేకపోతే మళ్ళీ కింది గేరుకు రావలసిందే. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో మొగిలి ఘాట్ మీద మూడు, నాలుగు గేర్ల మధ్య ఊగిసలాడే కార్లకు జరుగుతున్నది ఇదే. అక్కడ పాటించవలసిన నియమం సులువైనది: పై గేరు వేశాక యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే తప్ప వేగం నిలవదు అనిపించే చోట పై గేరు వేయకూడదు.

తిరుమలకు 1974 నాటి రెండవ ఘాట్ రోడ్డు మీద ఎక్కి, 1944లో ప్రారంభమైన మొదటి రోడ్డు మీద దిగుతాము. అక్కడ వేగం పెంచుకునే ప్రసక్తి లేదు, ప్రయాణానికి కనీస సమయాన్ని కూడా దేవస్థానం నిర్ణయించింది. కాని వంపు తిరిగాక కారు సాఫీగా లాగాలంటే, వంపుకు ముందే, చక్రాలు నిటారుగా ఉండగానే రెండో గేరు వేసుకోవాలి. స్టీరింగ్ తిప్పుతూ గేరు వెతికేవారి కారు సరిగ్గా వంపు మధ్యలోనే డీలాపడుతుంది. దిగేటప్పుడు కూడా అదే గేరు ఇంజన్ బ్రేకుగా పనిచేసి, అసలు బ్రేకులను వేడెక్కకుండా కాపాడుతుంది.

మన ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాలి వేడెక్కితే పలుచబడుతుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 42 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 9 శాతం తక్కువ, టర్బో లేని ఇంజన్ బలం కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. దానికి ఏసీ భారం తోడవుతుంది. మే నెల మధ్యాహ్నం దాటేటప్పుడు, జనవరి ఉదయం సరిపోయిన ఖాళీ కంటే ఎక్కువ ఖాళీ చూసుకోవాలి. గేరు మార్చే ఆర్పీఎం మాత్రం మారదు.

ఒక్క పొరపాటు మాత్రం చేయకూడదు

పై గేరుకు పోయేటప్పుడు ఎర్రగీత దగ్గర ఇంధనాన్ని ఆపి ఇంజన్‌ను కాపాడే ఏర్పాటు కారులో ఉంటుంది. కింది గేరుకు వచ్చేటప్పుడు ఆ ఏర్పాటు కాపాడలేదు, ఎందుకంటే అప్పుడు ఇంజన్‌ను తిప్పుతున్నది చక్రాలు. మూడో గేరులో 5,500 దగ్గర ఉండి నాలుగు అనుకుని రెండు వేశారంటే, క్లచ్ వదిలిన క్షణాన ఇంజన్ 8,000 ఆర్పీఎం దాటి తిరుగుతుంది. వాల్వులు పిస్టన్లకు తగలవచ్చు, ఇంజన్ మొత్తం విప్పవలసి రావచ్చు. మూడు నుంచి నాలుగుకు రాడ్డును నేరుగా వెనక్కు లాగాలి, ఎడమ వైపుకు, అంటే తనకు అవతలికి, ఏమాత్రం వంచకూడదు. కింది గేరు వేసేముందు ప్రస్తుత వేగం ఆ గేరు గరిష్ఠ వేగానికి కనీసం పది, పదిహేను కిలోమీటర్లు తక్కువగా ఉందని నిర్ధారించుకోవాలి.

అందుకే నా కారులో సన్‌వైజర్ వెనుక ఒక చిన్న కాగితం అంటించి ఉంది. దాని మీద మూడు అంకెలే ఉన్నాయి: ఒక్కొక్క గేరు ఎంత వేగం దాకా పోతుంది, మొదటిది, రెండవది, మూడవది. మీ కారుకు ఆ అంకెలు 2,000 ఆర్పీఎం దగ్గర రాసుకున్న వేగాలను మూడుతో గుణిస్తే వస్తాయి, అవి 6,000 దగ్గరి వేగాలు. డీజిల్ అయితే రెండుతో గుణించాలి. టైర్లు మార్చినప్పుడు వేరే సైజు వేయించుకుంటే ఆ కాగితాన్ని చింపివేసి, మళ్ళీ ఒక తెల్లవారుజామున కొలుచుకోవాలి.